డబ్ల్యూసస్‌కు రిపోర్ట్ చేయని సిస్టమ్‌లు: వారంవారం రీసెట్ స్క్రిప్ట్ నడపడం సరైనదేనా?

కొత్తకుర్చీ:
మా ఆఫీసులో 400 దాకా సిస్టమ్‌లు ఉన్నాయి. అన్నీ విండోస్ 10 లేదా 11. అప్‌డేట్లు మా సొంత డబ్ల్యూసస్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లను ఆఫీసు సిస్టమ్‌లకు పంచే సర్వర్) నుంచే వెళ్లాలి. కన్సోల్ తెరిచి చూస్తే ఎప్పుడూ అరవై డెబ్బై సిస్టమ్‌లు వారం దాటినా రిపోర్ట్ చేయకుండా ఉంటున్నాయి. వాటిలో సగం పేర్లు వారంవారం మారుతుంటాయి. కొన్నింటి పక్కన మొదటి నుంచీ 'ఇంకా రిపోర్ట్ చేయలేదు' అనే ఉంది. ఇంకొన్ని మరీ విచిత్రం. ఈ రోజు జాబితాలో కనిపిస్తాయి, రేపు ఉండవు, వాటి చోట పక్క సిస్టమ్ పేరు వచ్చి కూర్చుంటుంది.

మా మేనేజర్ ఒక స్క్రిప్ట్ పెట్టించారు. అది అప్‌డేట్ సర్వీసును ఆపి, రిజిస్ట్రీలోని (విండోస్ సెట్టింగులు ఉండే చోటు) సస్‌క్లయింట్‌ఐడీని, అంటే డబ్ల్యూసస్‌కు సిస్టమ్ చూపే గుర్తింపును చెరిపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్‌ను తీసేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టి, చివర 'ఇప్పుడే అప్‌డేట్ల కోసం చూడు' అనే డిటెక్ట్‌నౌ ఆదేశం ఇస్తుంది. ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి అన్ని సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. జాబితా మాత్రం తగ్గలేదు, పెరిగిందేమోనని నా అనుమానం. సర్వర్ మా చేతిలో లేదు, వేరే విభాగం చూస్తుంది. ఈ స్క్రిప్ట్ ఉంచమనాలా, తీసేయమనాలా?

మెట్లెక్కేవాడు:
ఉంచండి. నేను ఇదే స్క్రిప్ట్ ఏళ్ల తరబడి వాడుతున్నాను. సిస్టమ్ ముందు కూర్చుని ఇది నడిపితే చాలాసార్లు సాయంత్రానికల్లా కన్సోల్‌లో తేదీ మారుతుంది. కారణాలు వెతుక్కుంటూ కూర్చునే తీరిక డెస్క్‌టాప్ సపోర్ట్‌లో ఎవరికీ ఉండదు.

పాతసర్వర్:
తీసేయమనండి, ఈ వారమే.

సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ అంటే డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రమే కాదు. సిస్టమ్ ఇంతకుముందు సర్వర్ నుంచి తెలుసుకున్న అప్‌డేట్ల వివరాలు కూడా అందులోనే ఉంటాయి. మామూలుగా అయితే క్లయింట్ (అప్‌డేట్లు అడిగే సిస్టమ్) వచ్చి కొత్తవేమిటో మాత్రమే అడుగుతుంది. ఫోల్డర్ తీసేస్తే మొదటి నుంచీ అన్నీ అడగాలి. ఒక్క సిస్టమ్ అడిగితే సర్వర్‌కు లెక్కలోకి రాదు. సోమవారం తొమ్మిదింటికి 400 సిస్టమ్‌లూ ఒకేసారి అడిగితే?

క్లయింట్ తనంతట తాను సర్వర్‌ను అడిగే వ్యవధి 22 గంటలు. అందులోనూ ఒక్కో సిస్టమ్‌కు ఇరవై శాతం వరకు తగ్గేలా పెట్టారు. అందరూ ఒకే వేళకు రాకూడదనే ఆ ఏర్పాటు. మీ స్క్రిప్ట్ దాన్ని వారానికోసారి చెడగొడుతోంది.

సర్వర్ వైపు ఐఐఎస్ అనే వెబ్ సర్వర్‌లో డబ్ల్యూసస్‌పూల్ అనే అప్లికేషన్ పూల్ ఉంటుంది, క్లయింట్లకు జవాబిచ్చేది అదే. దాని మెమరీ పరిమితి మొదట 18,43,200 కిలోబైట్లుగా ఉంటుంది, అంటే రెండు జీబీ కూడా లేదు. అది దాటితే పూల్ పడిపోతుంది. క్లయింట్లకు 'సర్వీసు అందుబాటులో లేదు' అనే 503 ఎర్రర్ వస్తుంది, వాటి లాగ్‌లో 80244022 అనే ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది. స్కాన్ పూర్తి కాని సిస్టమ్‌లు మళ్లీ మొదటి నుంచీ అడుగుతాయి, పూల్ మళ్లీ పడుతుంది. మీ జాబితాలో పేర్లు మారుతుండటానికి కారణం ఇదేనని నా అంచనా. ఆ సోమవారం ఎవరు ముందు వచ్చారో వాళ్లు రిపోర్ట్ చేశారు, మిగతావాళ్లు మిగిలిపోయారు.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటున్నారు.

లాగ్‌రాయుడు:
అసలు విండోస్ 10 వచ్చినప్పటి నుంచి డిటెక్ట్‌నౌ పనిచేయదు. ఎర్రర్ కూడా రాదు, మౌనంగా ఊరుకుంటుంది. ఇప్పుడు యూఎస్‌ఓక్లయింట్ స్టార్ట్‌స్కాన్ వాడాలి. స్క్రిప్ట్ చివరి వరుస వృథా.

మెట్లెక్కేవాడు:
పనిచేయదా? నేను కొడతాను, సిస్టమ్ రిపోర్ట్ చేస్తుంది. నా కళ్లను నమ్మాలా, మీ మాట నమ్మాలా?

లాగ్‌రాయుడు:
మీరు అంతకు ముందు సర్వీసును ఆపి మొదలుపెట్టారు కదా? అది స్కాన్ చేసి ఉండవచ్చు. లేదా దాని 22 గంటల వ్యవధి అప్పుడే పూర్తయి ఉండవచ్చు. సర్వీసును ముట్టుకోకుండా ఒట్టి డిటెక్ట్‌నౌ ఇచ్చి, లాగ్ చూసి చెప్పండి.

మెట్లెక్కేవాడు:
ఒట్టిగా ఎందుకు ఇస్తాను? స్క్రిప్ట్‌లో ఒట్టిగా లేదు కదా!

లాగ్‌రాయుడు:
అదే నేనూ అంటున్నది. పని చేసింది మిగతా వరుసలు, మీరు మెచ్చుకుంటున్నది చివరి వరుసను.

గోడమీదపిల్లి:
ఈ ఒక్క వరుస మీద ఇంకెన్ని వరుసలు రాస్తారు?

పాతసర్వర్:
కొత్తకుర్చీ గారూ, ఒకరి చోట మరొకరి పేరు వస్తోందన్నారు. ఆ సిస్టమ్‌లన్నీ ఒకే డిస్క్ ఇమేజ్ (ఒక సిస్టమ్ డిస్క్‌కు పూర్తి నకలు) నుంచి తయారైనవా? ఇమేజ్ తీసేముందు, ఆ సిస్టమ్ సొంత గుర్తింపులను తుడిచే సిస్‌ప్రెప్ నడిపారా?

కొత్తకుర్చీ:
అవును, అవన్నీ కొత్తగా వచ్చినవే, ఒకే ఇమేజ్. సిస్‌ప్రెప్ సంగతి అడిగితే, ఇమేజ్ చేసినవారు 'తీరిక లేక నేరుగా కాపీ చేశాం' అన్నారు.

పాతసర్వర్:
అయితే ఆ ముక్క తేలిపోయింది. వాటన్నింటికీ సస్‌క్లయింట్‌ఐడీ ఒక్కటే. సర్వర్ సిస్టమ్‌ను గుర్తుపట్టేది ఆ ఐడీతోనే కనుక వాటన్నింటినీ ఒకే సిస్టమ్ అనుకుంటుంది. చివరగా ఎవరు పలకరిస్తే వారి పేరు చూపిస్తుంది. వాటిలో సస్‌క్లయింట్‌ఐడీని, దానితో పాటు సస్‌క్లయింట్‌ఐడీవాలిడేషన్‌ను చెరపండి. ఒక్కసారి చాలు. ఇమేజ్‌ను కూడా సరిచేయించండి, లేకపోతే తర్వాత వచ్చే సిస్టమ్‌లదీ ఇదే కథ.

మెట్లెక్కేవాడు:
అంటే స్క్రిప్ట్ సరైనదే! ఇంతసేపూ నిప్పు, ఇల్లు అన్నారు.

పాతసర్వర్:
ఆ కొన్నింటికి, ఒక్కసారికి సరైనది. బాగున్న 300 సిస్టమ్‌ల గుర్తింపును వారంవారం చెరపడం ఎందుకు?

లాగ్‌రాయుడు:
ఎప్పుడూ రిపోర్ట్ చేయనివాటి సంగతి వేరు. రిజిస్ట్రీలో పాలసీల (ఆఫీసు అన్ని సిస్టమ్‌లకూ పెట్టే సెట్టింగులు) కింద విండోస్‌అప్‌డేట్ కీ తెరవండి. డబ్ల్యూయూసర్వర్, డబ్ల్యూయూస్టేటస్‌సర్వర్ అని రెండు విలువలు ఉంటాయి. రెండింటిలోనూ ఒకే చిరునామా ఉండాలి. మొదటిది మార్చి రెండోదాన్ని పాత సర్వర్ పేరుతోనే వదిలేసినవాళ్లను చూశాను. దాని కింద ఏయూ అనే కీలో యూజ్‌డబ్ల్యూయూసర్వర్ విలువ 1 ఉండాలి. అది లేకపోతే పై చిరునామాలు ఎంత సరిగ్గా ఉన్నా సిస్టమ్ వాటి వైపు చూడదు. చిరునామా చివర 8530 పోర్ట్ ఉందా, భద్రమైన కనెక్షన్ అయితే 8531 ఉందా చూడండి. 2008 కాలపు సర్వర్ నుంచి మారినవాళ్ల పాలసీలో పోర్ట్ లేకుండానే చిరునామా మిగిలిపోతుంది.

ప్రాక్సీ (నెట్‌వర్క్‌లో మధ్యవర్తి సర్వర్) ఉందా? 2020 సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత, యూజర్ ఖాతాలో పెట్టిన ప్రాక్సీని డబ్ల్యూసస్ స్కాన్ తనంతట తాను వాడదు. సిస్టమ్ స్థాయిలో ఉన్నదే చూస్తుంది. బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది కాబట్టి దారి బాగుందనుకుంటే పొరపాటు.

ఇవన్నీ చూశాక పవర్‌షెల్‌లో గెట్-విండోస్‌అప్‌డేట్‌లాగ్ నడిపి, వచ్చిన ఎర్రర్ ఇక్కడ పెట్టండి. లాగ్ లేకుండా వైద్యం చేయను.

మేఘమాల:
2024 సెప్టెంబర్‌లోనే మైక్రోసాఫ్ట్ డబ్ల్యూసస్‌కు ఇక కొత్త హంగులు చేర్చబోమని చెప్పేసింది. పోయే ప్రాణానికి ఇంత సేవ ఎందుకు? క్లౌడ్‌కు వెళ్లిపోండి.

పాతసర్వర్:
కొత్తవి చేర్చబోమంది, తీసేస్తామనలేదు. విండోస్ సర్వర్ 2025లోనూ ఉంది. ఇంటర్నెట్ అసలే లేని నెట్‌వర్క్‌లు నడిపేవాళ్లం మేఘాల్లోకి ఎలా వెళ్తాం?

మెట్లెక్కేవాడు:
పాతసర్వర్ గారూ, ఒకటి అడుగుతాను. 400 సిస్టమ్‌లకే పడిపోయే సర్వర్ ఏం సర్వర్? వేల సిస్టమ్‌లకు నిలబడాల్సింది. తప్పు స్క్రిప్ట్‌దా, పట్టించుకోని సర్వర్‌దా?

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇదే జరిగింది. సర్వర్ విభాగం వారాల తరబడి 'క్లయింట్ సమస్య' అనే ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. నేను అంతస్తు అంతస్తూ తిరిగి, పనిలో ఉన్నవాళ్లను కుర్చీల్లోంచి లేపి, తిట్లు తిని, ఒక్కొక్క సిస్టమ్ సరిచేశాను. ఒక రోజు ఏమీ చేయకుండానే అన్నీ రిపోర్ట్ చేశాయి. ఎవరో గుట్టుగా పూల్ పరిమితి పెంచారని తర్వాత తెలిసింది. ఒక్క మాట చెప్పలేదు. ఆడిట్ జాబితాలో మాత్రం నా పేరే ఉంది.

పాతసర్వర్:
సర్వర్ బరువెక్కడం నిజమే. పాతబడిన అప్‌డేట్లను డిక్లైన్ చేయకుండా (ఇక వద్దని పక్కన పెట్టకుండా), డ్రైవర్ల వర్గాన్ని కూడా టిక్ పెట్టి వదిలేస్తే ఒక్కొక్క స్కాన్ భారమవుతుంది. డేటాబేస్ ఇండెక్సులు సరిచేయాలి, పూల్ పరిమితి పెంచాలి, పూల్‌లో వేచి ఉండగల అభ్యర్థనల క్యూను 1000 నుంచి 2000 చేయాలి. అది మా పని, కాదనను.

మీ కథ విన్నాను కనుక నాదీ వినండి. మా చోట సపోర్ట్‌లో ఒకాయన చెప్పాపెట్టకుండా ఇలాంటి స్క్రిప్టే అన్ని సిస్టమ్‌లకూ తోశాడు. సర్వర్ కూలింది. సంజాయిషీ ఇచ్చింది నేను. ఆయన మాత్రం 'రిపోర్టింగ్ మెరుగుపరిచాను' అని మెచ్చుకోళ్లు అందుకున్నాడు.

మెట్లెక్కేవాడు:
మీకు ఒక్కసారి జరిగితే నేరం, మాకు రోజూ జరిగితే ఉద్యోగం! క్లయింట్ల లెక్క అడిగేవాళ్లు 2025 అక్టోబర్‌లో డబ్ల్యూసస్‌లోనే పెద్ద భద్రతా రంధ్రం బయటపడి మైక్రోసాఫ్ట్ అత్యవసర ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చినప్పుడు, సర్వర్‌కు అది వేశారా అని ఎవరైనా అడిగారా?

పాతసర్వర్:
నేను వెంటనే వేశాను. మాటలు తగ్గించండి.

పర్యవేక్షకుడు:
ఇద్దరూ స్వరం తగ్గించాలి. విషయం స్క్రిప్ట్, వ్యక్తులు కాదు.

తనిఖీచీటీ:
నేను ఆ లెక్క అడిగే తనిఖీ విభాగం వైపు ఉన్నదాన్ని. మీరిద్దరూ ఏ అంకె కోసం కొట్టుకుంటున్నారో చూడండి. 'రిపోర్ట్ చేసింది' అంటే 'ప్యాచ్ పడింది' అని కాదు. ఒక సిస్టమ్ రోజూ నియమంగా సర్వర్‌ను పలకరించి 'నాకు ఇన్ని అప్‌డేట్లు కావాలి' అని చెబుతూ ఏడాదంతా అలాగే ఉండవచ్చు. మీ జాబితాలో మాత్రం తేదీ తాజాగా కనిపిస్తుంది. ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ 2017 మే 12న విరుచుకుపడింది. దానికి అవసరమైన ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. ఆ రెండు నెలల్లో కావలసింది ఏ సిస్టమ్‌లో ప్యాచ్ లేదన్న సమాచారం. సోమవారం స్క్రిప్ట్‌తో తేదీలు మార్చి నాకు నివేదిక పంపితే, నన్ను మోసగించినట్టే.

మెట్లెక్కేవాడు:
ఆ మాత్రం తెలియక కాదండీ. శుక్రవారానికల్లా అంకె తగ్గాలని మీ నుంచి మెయిల్ వస్తుంది. సర్వర్ ఎలా ఉందో చూసే వీలు నాకు లేదు. కన్సోల్ తెరిచే హక్కు లేదు. పూల్ నడుస్తోందా, పడిందా చెప్పేవాళ్లు లేరు. నా చేతిలో ఉన్నది క్లయింట్ ఒక్కటే, అందుకే దాన్నే కొడతాను. స్క్రిప్ట్ మీద నాకేమీ ప్రేమ లేదు.

పాతసర్వర్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం వాదన ఉండేది కాదు. అయినా సర్వర్ హక్కులు సపోర్ట్‌కు ఇవ్వను. ఒకరు ఆమోదిస్తారు, ఒకరు రద్దు చేస్తారు, చివరికి ఎవరు చేశారో తేలదు.

లాగ్‌రాయుడు:
మార్చే హక్కు ఎవరడిగారు? డబ్ల్యూసస్ పెట్టినప్పుడే సర్వర్‌లో 'డబ్ల్యూసస్ రిపోర్టర్స్' అనే గ్రూప్ తయారవుతుంది. అందులో ఉన్నవాళ్లు చూడగలరు, మార్చలేరు.

పాతసర్వర్:
తెలుసు. చూసిన ప్రతివాడూ ఫోన్ చేసి 'ఇది ఎరుపుగా ఉందేమిటి' అని అడుగుతాడు.

తనిఖీచీటీ:
అడగనివ్వండి. సమాధానం చెప్పడానికే కదా మీరున్నది?

కొత్తకుర్చీ:
అందరికీ ధన్యవాదాలు. సర్వర్ విభాగాన్ని అడిగాను. సోమవారాల్లో పూల్ ఆగిపోతోందని, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు మొదలుపెడుతున్నారని ఒప్పుకున్నారు. పరిమితి పెంచారు. స్క్రిప్ట్‌ను అన్నింటి నుంచీ తీసేయించి, ఒకే ఇమేజ్ సిస్టమ్‌లలో ఒక్కసారి నడిపాం. అవి వేర్వేరు పేర్లతో నిలబడ్డాయి. ఎప్పుడూ రిపోర్ట్ చేయనివాటిలో ఎక్కువభాగానికి పాలసీలో పోర్ట్ లేదు. ఇంకా కొన్ని మిగిలాయి. వెతికితే వాటిలో కొన్ని సిస్టమ్‌లు అసలు ఆఫీసులోనే లేవు, ఎప్పుడో పక్కన పడేసినవి.

పాతసర్వర్:
30 రోజులుగా సర్వర్‌ను పలకరించనివాటిని డబ్ల్యూసస్‌లోని క్లీనప్ విజార్డ్ జాబితా నుంచి తీసేస్తుంది. నడపమనండి. అయితే ముందు తనిఖీ విభాగానికి ఆ పేర్లు పంపండి. మూలన పడినదేదో, పనిచేస్తూ మౌనంగా ఉన్నదేదో తేలకుండా తుడిచేస్తే లెక్క మళ్లీ అబద్ధమే.

మెట్లెక్కేవాడు:
రిపోర్టర్స్ గ్రూప్ సంగతి ఏమన్నారు?

కొత్తకుర్చీ:
'పరిశీలిస్తాం' అన్నారు.

పాతసర్వర్:
సరే, చూసే హక్కు ఇవ్వమనండి. క్లీనప్ నడిపే హక్కు మాత్రం వద్దు.

మెట్లెక్కేవాడు:
అడిగిందెవరు?