మన ఎండలకు సమ్మర్ టైర్లా, ఆల్ సీజనా? నల్గొండ, పాలమూరు దిక్కు కారు నడిపేటోళ్లు చెప్పండి

పానగల్ రోడ్:
అన్నలకు నమస్కారం. నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 185/65 ఆర్15 టైర్లు. కంపెనీ నుంచి వచ్చినవే ఇంకా నడుస్తున్నయ్. గ్రిప్ దాదాపు అరిగింది, ఒకదానికి సైడ్‌కు గడ్డ కూడా కట్టింది. ఇగ మార్చక తప్పదు. నా తిరుగుడు ఎక్కువ నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్‌కే. అప్పుడప్పుడు దేవరకొండ అవతల మా ఊరికి పోతం, ఆఖర్ల కొంత దూరం మట్టి రోడ్డు.

మా బావ డల్లాస్‌ల ఉంటడు. ఆల్ సీజన్ తీసుకో, ఏడాదంతా రంది ఉండదు అంటడు. యూట్యూబ్‌ల చూస్తే వేడి ప్రాంతాలకు సమ్మర్ టైర్లే మంచివి అంటున్నరు. ఇక్కడ షాపుల అడిగితే "మా దగ్గరున్నయన్నీ ఆల్ సీజనే సార్" అన్నడు. మొన్న ఎండాకాలం పంతంగి టోల్ దాటినంక ఒక కారు టైరు పేలి డివైడర్‌కు కొట్టుకొని ఉండె. పిల్లలను ఎక్కించుకొని తిరిగేటోన్ని, అది చూసినప్పటి నుంచి మనసుల పడ్డది. ఏది కొనాలె?

పాలమూరు చౌరస్తా:
తమ్మీ, ఈ పంచాయితీ మంచు పడే దేశాలది. అక్కడ టైర్లు మూడు రకాలు: సమ్మర్, వింటర్, రెండింటికీ మధ్యల ఆల్ సీజన్. తేడా అంతా రబ్బరు మిశ్రమంల ఉంటది. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడి రోడ్డును పట్టుకోదు. అందుకని ఆల్ సీజన్‌ల చలికి గూడ మెత్తగ ఉండే రబ్బరు వాడుతరు, మంచును కరుచుకునేటందుకు గ్రిప్ దిమ్మెల మీద సన్నటి కోతలు ఎక్కువ పెడ్తరు. గుడ్‌ఇయర్ వాళ్లు 1977ల టియెంపో అనే టైరు తెచ్చినంక అమెరికాల ఈ రకం బాగ పాకింది. చలికాలం వస్తే ఒక సెట్టు ఇప్పి ఇంకో సెట్టు ఎక్కించే బాధ తప్పిందని జనం మెచ్చిన్రు. మీ బావ ఉన్న డల్లాస్‌ల గూడ కొన్ని చలికాలాలు రోడ్డు మీద గడ్డ మంచు పేరుకుంటది. ఆయన ఉన్న కాడ ఆయన మాట కరెక్టే.

మన దగ్గర ఆ 7 డిగ్రీలు ఎక్కడున్నయ్? ఆదిలాబాద్ దిక్కు కొన్ని చలికాలాలు తెల్లారగట్ల అంతకన్న కిందికి పోతది. నల్గొండల, పాలమూరుల 10కి అటూ ఇటూ అయితేనే మస్తు చలి అంటం. అది గూడ పొద్దు పొడిచేదాక. మే నెలల గాలి వేడే 44, 45 ఉంటది, తారు రోడ్డు మీద 60 దాటుతది. చలి కోసం మెత్తగ చేసిన రబ్బరుకు, సన్నటి కోతలు పడ్డ దిమ్మెలకు ఆ వేడి పడదు. బ్రేక్ కొడితే దిమ్మెలు అటూ ఇటూ ఒరుగుతయ్, బండి ఆగే దూరం పెరుగుతది, టైరు జల్ది అరుగుతది. నా మాట అడిగితే నీకు కావాల్సింది వేడికి చేసిన టైరే.

మిర్యాలగూడ వడ్లు:
నేను ఒప్పుకోను అన్నా. ఎండ ఒక్కటే చూస్తే ఎట్ల? జూన్ నుంచి సెప్టెంబర్ దాక వానలే. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మీద నేను రోజూ లోడు బండ్ల ఎనక పోతుంట. వాన దంచితే ఎడమ లేన్‌ల లారీ టైర్లు నడిచి నడిచి పడ్డ గాళ్లల్ల నీళ్లు నిలుస్తయ్. 80 మీద ఉన్నప్పుడు ఆ నీళ్లల్లకు దిగితే స్టీరింగ్ ఒక్కసారి తేలికైపోతది, చేతుల ఏం ఉండదు. ఆ భయం నాకు తెలుసు. సమ్మర్ టైరు ఎండకు చేసిందే అయితే వానకు ఎట్ల పనికొస్తది? నల్గొండోళ్లకు ఆల్ సీజనే మేలు.

పాలమూరు చౌరస్తా:
నువ్వు చెప్పిన భయం నూటికి నూరుపాళ్లు నిజం. మందు మాత్రం అది కాదు తమ్మీ. యూరప్‌ల ఎండాకాలంల గూడ వానలు పడ్తయ్, అక్కడి సమ్మర్ టైర్లను తడి రోడ్డు మీద బ్రేక్ కొట్టించి పరీక్ష చేసే అమ్ముతరు. తడి రోడ్డు వేరు, చల్లటి రోడ్డు వేరు. మన వానకాలంల గాలి 24 నుంచి 32 డిగ్రీల మధ్యల ఉంటది. ఆ వేడిల, తడి రోడ్డు మీద, మంచి సమ్మర్ టైరే ఆల్ సీజన్ కన్న ముందు ఆగుతది.

స్టీరింగ్ తేలికైందంటే టైరుకు, రోడ్డుకు నడుమ నీటి పొర చేరిందని అర్థం. ఆ నీళ్లను పక్కకు తోసేది టైరు చుట్టూ పొడుగ్గ ఉండే లోతు గాళ్లు. కొత్త టైరుల అవి దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటయ్. అరుగుతుంటే నీళ్లు పోయే తొవ్వ తగ్గుతది. గాళ్ల అడుగున అడ్డంగ చిన్న కట్టలు కనిపిస్తయ్, టైరు పక్కన టీడబ్ల్యూఐ అని ఉన్న కాడ చూడు. గ్రిప్ ఆ కట్టలతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, చట్టం ప్రకారం టైరు అయిపోయినట్టు. నేనైతే 3 దగ్గరికి వచ్చిందంటే వానకాలం ముందటనే మారుస్త. అరిగిన ఆల్ సీజన్ కన్న కొత్త సమ్మర్ టైరు వానల ఎంతో నయం. వాన కొడితే 80 నుంచి 60కి దిగుడు దానికన్న పెద్ద రక్షణ.

జడ్చర్ల టైర్ పని:
టైర్ల షాపుల పని చేసేటోన్ని, రెండు ముక్కలు చెప్త. షాపాయన "అన్నీ ఆల్ సీజనే" అన్నదాంట్ల మోసం లేదు. మన దేశంల మామూలు కార్లకు వచ్చే టైర్లు మన వేడికి, మన గతుకులకు చేసినవే. చలి దేశం లెక్కల చూస్తే అవి సమ్మర్ టైర్లకు దగ్గర. ఎండకు, వానకు రెండిటికీ నడుస్తయ్ గనుక ఇక్కడ ఆల్ సీజన్ అని చెప్పి అమ్ముతం. అందుకని మీ కొట్లాట సగం ఇక్కడే తెగిపోతది. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, ఏ కంపెనీ తీసుకున్నా మామూలు రోడ్డు టైరే అడుగు.

చూడాల్సింది టైరు పక్క రాత. వంగి చూస్తే మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు పువ్వు బొమ్మ ఉందా? ఉంటే అది మంచు మీద పరీక్ష పాసైన టైరు, నీకు అక్కర లేదు. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే అది కంపెనీ సొంతంగ వేసుకునే గుర్తు, దానికి మంచు పరీక్ష లేదు. జర్మనీల 2024 అక్టోబర్ నుంచి ఆ ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉన్న టైరును చలికాలం టైరు కింద లెక్కపెడ్తలేరు. కొండ గుర్తు ఉండాల్సిందే.

తర్వాత సైజు పక్కన 88హెచ్ లెక్క ఒకటి ఉంటది. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోస్తది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాక తట్టుకుంటది. కంపెనీ ఇచ్చిన నంబర్ల కన్న తక్కువది ఎవ్వడు చౌకగ ఇస్తనన్నా తీసుకోకు. ఆఖరుకు డాట్ అనే అక్షరాల ఎనక నాలుగు అంకెలు చూడు. 2325 అంటే 2025ల 23వ వారం తయారైందన్నట్టు. గోదాములల్ల పాత సరుకు ఉంటది, కొత్తగ మెరుస్తది గని రబ్బరు వయసు ఆగదు. బిల్లు కట్టకముందే నాలుగు టైర్ల తేదీలు చదువు. స్టెప్నీది గూడ చూసుకో, వాడకున్నా డిక్కీల వేడికి అది ముసలిదైతనే ఉంటది.

మన్ననూరు మలుపు:
అందరు హైవే మాటే మాట్లాడుతున్నరు. నాది అచ్చంపేట దిక్కు, చేన్ల దాక బండి పోవాలె. వాన పడ్డనాడు మీ రోడ్డు టైర్లు నల్లరేగడిల గిర్రున తిరుగుతయ్, అక్కడనే దిగబడ్తయ్. నేను ఆల్ టెరైన్, అంటే మట్టి తొవ్వలకు గూడ పనికొచ్చే పెద్ద దిమ్మెల టైర్లు వేయించిన, నాకు ఫికర్ లేదు. ఊరికి మట్టి రోడ్డుందని అడిగిన తమ్ముడు అది గూడ ఆలోచించాలె.

పాలమూరు చౌరస్తా:
అన్నా, మీ బండికి, మీ చేనుకు అది సరిపోతది, నేను కాదనను. ఈ తమ్ముడిది హ్యాచ్‌బ్యాక్, తిరుగుడంతా తారు మీద. ఆల్ టెరైన్ బరువు ఎక్కువ, మోత ఎక్కువ, మైలేజ్ తగ్గుతది, తడి తారు మీద రోడ్డు టైరంత తొందరగ ఆగదు. మా దిక్కు చలక నేలల మామూలు టైరుతోనే నిదానంగ పోవచ్చు. రేగడి అంటరా, చెప్పుకు పట్టినట్టు టైరుకు పట్టేస్తది. గాళ్లు నిండినంక ఏ గ్రిప్ ఉన్నా గుండే. వాన పడ్డ నాడు ఊరి మొదట్ల బండి ఆపి నడిచి పోవుడే నయం.

మన్ననూరు మలుపు:
ముసలోళ్లను, బస్తాలను వేసుకొని నడువమంటే ఎట్ల అన్నా? పట్నం పోయేటోళ్లకు మీ లెక్క కరెక్ట్. మా దిక్కోళ్లకు నా లెక్కనే. ఈ ముచ్చట మీద నేను మారను.

సూర్యాపేట బైపాస్:
టైరు రకం కంటే గాలి ముఖ్యం అండి. ఎండాకాలంలో లోపలి గాలి వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది, అందుకే టైర్లు పేలతాయి. మార్చి నుంచి మే దాకా నేను నాలుగు పీఎస్ఐ తగ్గించే కొట్టిస్తాను. మా పంక్చర్ షాపాయన కూడా అదే చెప్తాడు. నైట్రోజన్ అయితే ఇంకా మంచిది.

జడ్చర్ల టైర్ పని:
సార్, దయచేసి ఆ పని బంద్ చెయ్యండి. మా షాపుకు వచ్చే పేలిన టైర్లల్ల చానా వాటికి పక్క గోడ లోపల చుట్టూ నల్లటి పొడి రాలి ఉంటది, చేతితో తీస్తే రబ్బరు బూడిద లెక్క వస్తది. అది తక్కువ గాలితో నడిచిన గుర్తు. గాలి తగ్గితే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకు ఎక్కువ వంగుతది, వంగుడుతోనే వేడి పుడ్తది. పైన 60 డిగ్రీల రోడ్డు, లోపల ఈ వేడి, నూరు స్పీడు, నిండా మనుషులు. లోపలి దారాలు, రబ్బరు ఇడిపోయి పేలుతది. వేడికి ప్రెషర్ పెరుగుడు నిజమే, ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ దాక పెరుగుతది. ఆ పెరుగుడు లెక్కల పెట్టుకొనే కంపెనీ చల్లటి టైరు కొలత ఇస్తది. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటది. దాని మీద 33 ఉంటే పొద్దున, బండి తియ్యకముందే 33 ఉండాలె. దూరం పోయినంక 37, 38 చూపించిందని గాలి తీసెయ్యొద్దు. తీస్తే తెల్లారి చల్లబడ్డంక 29కి వస్తది, మళ్ల అదే బండి హైవే ఎక్కుతది. లోడు ఎక్కువైతే స్టిక్కర్ మీద ఇంకో పెద్ద నంబర్ ఉంటది, అది పట్టియ్యాలె.

నైట్రోజన్‌తో నష్టం లేదు. మామూలు గాలిల గూడ 78 శాతం నైట్రోజనే ఉంటది. దాని కోసం పైసలు పెట్టి నెలల తరబడి ప్రెషర్ చూడకపోతే మాత్రం లాభం లేదు.

సూర్యాపేట బైపాస్:
స్టిక్కర్ చూశాను, మీరన్నట్టే లోడుకు వేరే నంబర్ ఉంది. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రకారమే పట్టిస్తాను. అయినా మే నెల మధ్యాహ్నం నూరు మీద పోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

జడ్చర్ల టైర్ పని:
ఆ మాటకు నేను గూడ మీ దిక్కే సార్. మధ్యాహ్నం 80 దాటకుండ పోతే టైరుకు మంచిది.

పానగల్ రోడ్:
అన్నలందరికీ థ్యాంక్స్. మంచు గుర్తు లేని మామూలు రోడ్డు టైర్లే, 88హెచ్, ఈ ఏడాది తేదీవి అడుగుత. ఊరి మట్టి రోడ్డుకు వానల పోయేది లేదు, మన్ననూరు అన్న ఏమనుకోకు. ఒక్క డౌట్ మిగిలింది. ఇప్పుడు చేతుల పైసలు తక్కువున్నయ్, రెండే మార్చి మిగతా రెండు దసరాకు మార్చొచ్చా? గడ్డ కట్టింది ముందటి ఎడమది. కొత్తవి ముందట వేయించాలె గదా?

జడ్చర్ల టైర్ పని:
గడ్డ కట్టిన టైరుతో హైవే ఎక్కకు తమ్మీ, దాని లోపలి దారాలు తెగినయ్, ఎప్పుడైన పేలొచ్చు. అది ఇవ్వాళనే ఇప్పించు. రెండే కొంటే కొత్తవి రెండు ఎనకకు వేయించు, ఎనక ఉన్నయ్‌ల మంచివి చూసి ముందుకు తెప్పియ్యి. షాపుల చాన మంది ముందటికే వేస్తరు, స్టీరింగ్, బ్రేకు ముందటనే గదా అంటరు. తడి రోడ్డు మీద ముందు జారితే బండి నిట్టనిలువు పోతది, కాలు యాక్సిలరేటర్ మీదకెళ్లి తీస్తే చానాసార్లు చేతికి వస్తది. ఎనక జారితే బండి గిర్రున తిరుగుతది, మామూలు డ్రైవర్‌తోని కాదు. రెండిటికీ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించు. మిగిలిన పాతవాటి గ్రిప్ కట్టల దాక వచ్చి ఉంటే దసరా దాక ఆగకు, వానలన్నీ దసరాకు ముందటనే.