బరంపురం నుంచి రంభకి గ్రావెల్ రూటు: గట్టు బాటా, తీరం బాటా?

గంజాం_గేర్లు
బరంపురం నుంచి చిలిక ఒడ్డున రంభ దాకా, వీలైనంత వరకు జాతీయ రహదారి 16 మీద పడకుండా ఒక గ్రావెల్ రూటు (మట్టి, కంకర బాటల మీద సైకిలు దారి) ఖాయం చేయాలి. బయటి ఊళ్ళవాళ్ళు మన జిపిఎక్స్ ఫైలునే (ఫోనులో దారి చూపే మ్యాపు గీత) నమ్ముకుని వస్తారు కాబట్టి ఒకటే ఉండాలి. ప్రతిపాదనలు రెండు. మొదటిది లోపలి దారి: హింజిలి వైపు కాలువ గట్లు, పురుషోత్తమపురం, కొడాల, ఖల్లికోట మీదుగా మొరం (ఎర్ర గులకమట్టి) రోడ్లు. రెండోది తీరం దారి: గోపాల్‌పూర్, ఛత్రపురం దగ్గర తంపర సరస్సు, సరుగుడు తోటలు, గంజాం వంతెన మీద ఋషికుల్య దాటి పాలూరు కాలువ పక్కగా చిలికకి. ఏది పెట్టాలి, ఏ నెలల్లో, ఏ టైరుకి? కారణాలతో రాయండి.

తంపర_గాలి
తీరమే పెట్టండి. మనుషులొచ్చేది నీళ్ళు చూడ్డానికి. లోపలి దారిలో చిలిక చివర్లో గానీ కనపడదు. తీరం దారిలో తంపర, ఋషికుల్య, పాలూరు కాలువ, చిలిక వరసగా తగులుతాయి. ఇసుకంటే అందరూ భయపడుతున్నారు గానీ, సరుగుడు తోటలో ఇసుక వేరు. రాలిన సరుగు పొరలుగా పరుచుకుని కింది ఇసుకని కదలనివ్వదు. ట్రాక్టరు తిరిగి ఆ పొర చెదిరిన చోటే చక్రం దిగబడుతుంది. అక్కడ చాల్లోకి దిగకుండా, సరుగు దట్టంగా ఉన్న అంచున పోవాలి. 70–75 కిలోల మనిషికి 45 టైరు (45 మిల్లీమీటర్ల వెడల్పు), ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేనిది) అయితే గాలి ముందు 22, వెనక 25 పిఎస్‌ఐ చాలు. ఇసుక రాకముందే గేరు దించుకుని, బరువు కాస్త వెనక్కి జరిపి, హ్యాండిల్ వదులుగా పట్టుకుని ఒకే వేగంతో తొక్కాలి. మధ్యలో ఆగారా, గట్టి నేల వచ్చేదాకా నెట్టుకుపోవడమే.

కాలువగట్టు
తంపర_గాలి గారూ, 45 టైరు పట్టే ఫ్రేము ఎంతమంది దగ్గరుంది? ఇటు వచ్చేవాటిలో ఎక్కువ 38, 40 టైర్లే. సగం మంది ఇంకా ట్యూబులతోనే తొక్కుతున్నారు. 40 టైరులో 22 పెట్టి ఊళ్ళోకి రండి. సిమెంటు రోడ్డు అయిపోయి మట్టి మొదలయ్యే చోట నాలుగు వేళ్ళ ఎత్తు మెట్టు ఉంటుంది, చాలా ఊళ్ళలో అంతే. ఆ అంచుకి వెనక చక్రం తగిలితే టైరు నొక్కుకుపోయి రిమ్ము తగులుతుంది, ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. 40 టైరుకి ట్యూబ్‌లెస్ అయితే ముందు 30, వెనక 33, ట్యూబు ఉంటే ముందు 36, వెనక 40 కన్నా దిగకూడదు. ఆ గాలితో ఇసుకలో సాగదు. అంటే తీరం దారి పెద్ద టైరు ఉన్నవాళ్ళకి మాత్రమే. ఒకటే ఫైలు పెట్టేటప్పుడు అందరి సైకిలుకీ పనికొచ్చే దారి పెట్టాలి.

ముళ్ళ సంగతి కూడా తీరం వైపే ఎక్కువ. అక్కడ దొడ్లకి మొగలి పొదలే కంచె. ఆకు అంచున కొక్కెం ముళ్ళు వరసగా ఉంటాయి, పిక్కలు చీరుకుపోతాయి. సర్కారు తుమ్మ ముల్లు మటుకు రెండు దారుల్లోనూ ఉంది. 40 టైరుకి 60 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లు పూడ్చే ద్రవం), 45 దాటితే 80 పోయండి. మన ఎండకి రెండు మూడు నెలల్లో గడ్డకట్టి రబ్బరు పెంకులా అంటుకుంటుంది. బయల్దేరే ముందు రోజు వాల్వ్ కోరు విప్పి సన్నటి పుల్ల దించి చూస్తే తడి ఉందో లేదో తెలిసిపోతుంది. ముల్లు దిగితే వెంటనే లాగేయకండి. ప్లగ్గు (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) చేతిలో పెట్టుకుని, చక్రం తిప్పి చిల్లు కిందికి తెచ్చి, అప్పుడు లాగండి.

తాబేటి_కావలి
టైరు కన్నా పెద్ద విషయం ఒకటుంది. ఋషికుల్య ముఖద్వారం నుంచి ఉత్తరంగా పురుణబంధ, గోఖరకుద వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకి వేలు గుడ్లు పెడతాయి. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పిల్లలు బయటికి రావడానికి ఇంకో 45 నుంచి 55 రోజులు. ముఖద్వారం దగ్గర సముద్రంలో 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట నిషేధం. దానిమీదే బతికేవాళ్ళు ఏడు నెలలు వల ఆపుతుంటే, సరదాకి తొక్కే మనం ఆ ఒడ్డు మీద చక్రాల జాడ వేయడం తప్పు. గూడు మీద ఇసుక అణిగిపోతే పిల్ల పైకి రాలేదు. లోతుగా పడిన జాడలో పడితే నీటి దాకా పోలేదు. రాత్రి లైటు అయితే మరీ ప్రమాదం, వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి.

తంపర_గాలి
మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. నేనడిగేది ఒడ్డు కాదు, తోటల వెనక, ఊళ్ళ పక్క బాట. గూళ్ళుండేది అలల వైపు ఇసుకలో. పగటిపూట తోట వెనకగా పోతే గూటికి ఏం నష్టం?

తాబేటి_కావలి
బాట మీద ఉన్నంత వరకు నష్టం లేదు. ఫైలు అక్కడిదాకా తెచ్చాక ఆగేదెవరు? సముద్రం వందడుగుల్లో వినపడుతుంటే ఫొటోకని సైకిలుతో సహా దిగుతారు. కాబట్టి ఫైల్లో గీత గంజాం వంతెన దాటాక పురుణబంధ వైపు తిరగకూడదు. తాబేళ్ళు చూడాలనుకునేవాళ్ళు సైకిలు ఊళ్ళో పెట్టి, అటవీ శాఖ వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళు చెప్పిన చోటికి నడిచి వెళ్తారు.

ఉప్పుమడి
హుమ్మా గురించి ఎవరూ రాయలేదు. మ్యాపులో చూస్తే హుమ్మా దగ్గర గళ్ళు గళ్ళుగా తెల్లటి గట్లు కనిపిస్తాయి, వాటి మీద గీత గీసేయాలనిపిస్తుంది. అవి ఉప్పు మళ్ళు. మళ్ళ మధ్య గట్టు వట్టి మెత్తటి మట్టి, చేత్తో చరిచి కట్టింది. చక్రం దిగి అంచు విరిగితే ఒక మడిలో నీళ్ళు ఇంకో మడిలోకి పోతాయి, గడ్డకట్టే దశలో ఉన్న ఉప్పు కరిగిపోతుంది. బయటి వెడల్పు గట్టు మీద, అదీ బళ్ళు తిరిగే దారైతేనే పోండి.

ఆ నేల సైకిలుకీ చెడ్డదే. ఉప్పుబురద ఆరితే తెల్లగా పొడిలా కనిపిస్తుంది, దులిపేస్తే పోతుందనుకుంటారు. పోదు. స్పోకు చివర అల్యూమినియం నిపుల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) ఉంటే లోపల తిని, చక్రం సరిచేసేటప్పుడు చిట్లిపోతాయి. ఇటు తిరిగే చక్రానికి ఇత్తడివే వేయించుకోండి. రంభ చేరగానే బకెట్టు మంచినీళ్ళు పోసి కడగాలి. ప్రెషర్ పంపు వద్దు, బేరింగుల్లోకి ఉప్పునీరు అదే తోసేస్తుంది. చైను తుడిచి ఆరాకే నూనె.

కాలువగట్టు
లోపలి దారి లోపాలు కూడా చెప్పాలి కదా. నవంబరు, డిసెంబరు నెలల్లో కోతలు. ఊరి రోడ్డంతా గడ్డి పరిచి ఉంటుంది. గడ్డి మీద తొక్కకండి. వరిగడ్డి చాలా గట్టి పీచు. వెనక డిరైలర్ (గేరు మార్చే పరికరం) చిన్న పళ్ళచక్రాలకి చుట్టుకుని, దాని పంజరాన్ని వెనక్కి లాగి, దాన్ని ఫ్రేముకి తగిలించే హ్యాంగర్ ఫట్‌మని విరుగుతుంది. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాలి, ఆ ఊళ్ళలో దొరికేది కాదు. తొక్కుడు బరువెక్కినట్టనిపిస్తే ఇంకా బలంగా తొక్కకుండా దిగి చూడండి.

వాన పడిన రెండు మూడు రోజుల దాకా గట్టు మీదికి పోవద్దు. బంకమట్టి టైరుకీ చైన్‌స్టేకీ (వెనక చక్రం పక్కన ఫ్రేము గొట్టం) మధ్య నిండి చక్రం ఆగిపోతుంది. చెరో వైపు కనీసం 6 మిల్లీమీటర్లు సందు ఉన్నా చాలదు ఒక్కోసారి. పురుషోత్తమపురం దగ్గర తారాతారిణి కొండ ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో అటు తల పెట్టకండి, యాత్ర జనంతో రోడ్డు నిండిపోతుంది.

తంపర_గాలి
గాలి లెక్క కూడా వేయండి. ఫిబ్రవరి చివరి నుంచి మధ్యాహ్నాలు దక్షిణపు గాలి బలంగా వీస్తుంది, రంభ నుంచి వెనక్కి తొక్కితే ముఖానికే. బరంపురం నుంచి బయల్దేరి రంభలో ముగించాలి. డిసెంబరులో ఉత్తరపు గాలి, అప్పుడు తిరగేయాలి. ఛత్రపురం, గంజాం, హుమ్మా, రంభ అన్నీ రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి అలిసిపోయినవాళ్ళకి ఎక్కడికక్కడ ఆపేయడానికి వీలుంది. అది లోపలి దారికి లేదు.

గంజాం_గేర్లు
ఇప్పటికి ఇలా గీస్తున్నాను. బరంపురం నుంచి గోపాల్‌పూర్, తంపర, గంజాం వంతెన వరకు తీరం వైపే. వంతెన దాటాక సముద్రం వైపు తిరగకుండా హుమ్మా స్టేషను మీదుగా ఊరి రోడ్లతో రంభ. పాలూరు కాలువ ముక్క ఫైల్లో ఉండదు. లోపలి దారి జనవరికి, గడ్డి ఎత్తేశాక, విడిగా పెడతాను. 40 టైరువాళ్ళకి తోటల్లో రెండు చోట్ల తప్పించుకునే దారి గుర్తు పెట్టాలి.

కాలువగట్టు
మూడు చోట్ల పెట్టండి. తంపర దాటాక ట్రాక్టర్లు తిరిగే ముక్క మీరు లెక్కలోకి తీసుకోలేదు.

తాబేటి_కావలి
పాలూరు తీసేసినందుకు సంతోషం. వంతెన దిగిన మలుపు దగ్గర ‘సముద్రం వైపు వద్దు’ అని ఫైల్లోనే ఒక గుర్తు పెట్టండి, ఒడియాలో, తెలుగులో రెండిట్లోనూ.