టాప్ స్టేటస్ ఉన్నా "రూమ్స్ లేవు" అంటున్నారు: 48 గంటల గ్యారంటీని అసలు ఎలా వాడాలి?

మూడో_అంతస్తు

నమస్కారం అండీ. ఒక పెద్ద హోటల్ గ్రూప్ లాయల్టీ ప్రోగ్రామ్‌లో పై స్టేటస్ ఉంది. బెనిఫిట్స్ పేజీలో "48 గంటల ముందు బుక్ చేసుకుంటే రూమ్ గ్యారంటీ" అని రాసి ఉంది. కావాల్సింది వచ్చే వారం గురు, శుక్రవారాలు, రెండు రాత్రులు. ఆ రెండు రోజులూ హోటల్ పక్కనే పెద్ద కాన్ఫరెన్స్. యాప్‌లో లాగిన్ అయ్యి వెతికినా "ఈ తేదీలకు రూమ్స్ లేవు" అనే వస్తోంది. కస్టమర్ కేర్ వాళ్లు "సోల్డ్ అవుట్" అంటారు. హోటల్‌కి ఫోన్ చేస్తే "సెంట్రల్ రిజర్వేషన్స్‌ని అడగండి" అంటారు. ఈ గ్యారంటీ ఇద్దరిలో ఎవరి చేతిలో ఉందో అర్థం కావట్లేదు.

గ్యారంటీ రూమ్ యాప్‌లో కనపడాలా, ఫోన్‌లోనే అడగాలా? రేటు ఎలా వేస్తారు? పాయింట్లతో తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

లాబీ_లెక్కలు

యాప్‌లో మామూలుగా కనపడదండీ. యాప్ చూపించేది సెంట్రల్ రిజర్వేషన్ సిస్టమ్‌లో అమ్మకానికి పెట్టిన గదులు. అక్కడ సున్నా ఉంటే మీ స్టేటస్ ఏదైనా సున్నాయే. ఈ గ్యారంటీ కింద మీ పేరున పక్కన పెట్టిన గది అంటూ ఏదీ ఉండదు. నిండిపోయిన హోటల్‌ని మీ కోసం ఇంకొక్క బుకింగ్ ఎక్కువ తీసుకోమని అడగొచ్చు, అంతే. ఆ ఒక్కటి వేయాలా వద్దా అన్నది హోటల్లో రెవెన్యూ మేనేజర్ చేతిలోనో, రిజర్వేషన్స్ మేనేజర్ చేతిలోనో ఉంటుంది.

అందుకే ఎప్పుడు ఫోన్ చేస్తున్నారన్నది ముఖ్యం. హోటల్ ఉన్న చోట పనిదినం, ఆఫీసు వేళలు చూసి చేయండి. రాత్రి పదింటికో ఆదివారమో చేస్తే సెంట్రల్ ఏజెంట్ హోటల్‌కి లైన్ కలుపుతాడు, అక్కడ ఫ్రంట్ డెస్క్ కుర్రాడు ఎత్తుతాడు. ఓవర్‌బుక్ చేసే అధికారం అతనికి ఉండదు కాబట్టి "ఫుల్ అండీ" అంటాడు. ఏజెంట్ అదే మాట మీకు అప్పజెబుతాడు. గ్యారంటీ ఫెయిల్ అయిందనుకుని మీరు వదిలేస్తారు.

మాట కూడా ముఖ్యమే. "రూమ్ ఉందా?" అని అడిగితే ఏజెంట్ స్క్రీన్ చూసి లేదంటాడు, అతని తప్పేం లేదు. ఎలైట్ లైన్‌కి (పై స్టేటస్ వాళ్ల కోసం ఉండే ఫోన్ నంబర్) చేసి ఇలా అడగండి: "హోటల్ సోల్డ్ అవుట్ అని తెలుసు. నా స్టేటస్‌కి ఉన్న రూమ్ అవైలబిలిటీ గ్యారంటీ కింద ఒక గది బుక్ చేయాలి. హోటల్ రిజర్వేషన్స్ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి చూడండి, నేను లైన్‌లో ఉంటాను." ఏజెంట్‌కి ఆ బెనిఫిట్ గురించి తెలియకపోతే (చాలామందికి తెలియదు) సూపర్‌వైజర్‌ని అడగండి. హోటల్ కాదంటే ఎవరు కాదన్నారు, ఏ కారణం చెప్పారు, ఈ రెండూ మీ ప్రొఫైల్‌లో నోట్ పెట్టించండి. కేస్ నంబర్ తీసుకోండి. తర్వాత కంప్లైంట్ పెడితే నిలబడేది ఆ నోటే.

గడువు చివరి గంట దాకా ఆగొద్దు. మీకు ఇంకా వారం ఉంది, రేపే చేయండి. 48 గంటలు చెక్ ఇన్ టైమ్ నుంచి వెనక్కి లెక్కేస్తారా, ఆ రోజు మొదలు నుంచా అన్న వాదన 47వ గంటలో పెట్టుకుంటే ఓడిపోయేది మీరే.

నిబంధనల_నాని

పైన చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. ఏ ప్రోగ్రామ్ అన్నది చెప్పలేదు కాబట్టి ముందు మీ స్టేటస్‌కి నిజంగా ఎన్ని గంటలో చూసుకోండి, అందరికీ 48 కాదు. హిల్టన్ ఆనర్స్‌లో డైమండ్‌కి 48 గంటలు. మారియట్ బాన్‌వాయ్‌లో టైటేనియం వాళ్లకి 48. వరల్డ్ ఆఫ్ హయత్‌లో గ్లోబలిస్ట్‌కి 48. ఐహెచ్‌జీ వన్ రివార్డ్స్‌లో 72. అకోర్ గంటల్లో కాకుండా రోజుల్లో చెబుతుంది: గోల్డ్‌కి మూడు రోజులు, ప్లాటినమ్‌కి రెండు.

బెనిఫిట్ల పేజీలో ఉండేది ఒక్క లైను. అసలు సంగతి టర్మ్స్ అండ్ కండిషన్స్‌లో కింద ఎక్కడో పేరాలో ఉంటుంది. అక్కడ వెతకాల్సినవి ఇవి. ఒకటి, "అసాధారణ డిమాండ్ ఉన్న రోజులు" మినహాయింపా? మీ కాన్ఫరెన్స్‌ని హోటల్ అందులో వేసేయొచ్చు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క మాటతో గ్యారంటీ సగం ఖాళీ అయిపోతుంది. మామూలు రోజుల్లో గది ఎలాగూ దొరుకుతుంది, దొరకని రోజేమో అసాధారణ రోజు! రెండు, మీ హోటల్ ఏ బ్రాండ్? టైమ్‌షేర్ ప్రాపర్టీలు (ఏడాదిలో కొన్ని రోజుల వాటా కొనుక్కునేవి), అపార్ట్‌మెంట్ తరహావి, భాగస్వామ్య హోటళ్లు తరచూ మినహాయింపు జాబితాలో ఉంటాయి. మూడు, గది ఎవరికి? సాధారణంగా మెంబర్ స్వయంగా ఉండే ఒక్క గదికే. స్నేహితుడి కోసం రెండో గది అడిగితే కుదరదు.

రేటు విషయం. మెంబర్ రేటు, కార్పొరేట్ రేటు, ముందస్తు డిస్కౌంట్ ఏవీ ఉండవు. ఆ రోజుకి హోటల్ నడిపే పూర్తి రేటు, కొన్నిచోట్ల రాక్ రేట్ (ఏ తగ్గింపూ లేని జాబితా ధర). అది మామూలు రేటుకి రెట్టింపైనా నిబంధనల ప్రకారం తప్పు కాదు. గ్యారంటీ గదికే గానీ ధరకి కాదు. కాబట్టి ఏజెంట్ "దొరికింది" అనగానే సంతోషంతో ఓకే అనేయకండి. ఒక్కో రాత్రికి ఎంత, పన్నులు కలిపి ఎంత, క్యాన్సిల్ చేయడానికి ఆఖరి గడువు ఎప్పుడు, ముందే కార్డ్ మీద ఛార్జ్ చేస్తారా, ఈ నాలుగూ చెప్పించుకుని అప్పుడు సరే అనండి. ఇలాంటి బుకింగ్‌లకి క్యాన్సిలేషన్ ఉండకపోవడం మామూలే.

మీవి రెండు రాత్రులు కదా. గురువారం ఓకే, శుక్రవారం కుదరదు అనే అవకాశం ఉంది. రెండూ ఒకే కన్ఫర్మేషన్ నంబర్ మీద వచ్చాయో లేదో మెయిల్‌లో చూసుకోండి. వేర్వేరు నంబర్లయితే గది మారకుండా రెండిటినీ లింక్ చేయమని హోటల్‌కి చెప్పాలి.

రాత్రి_ఆడిట్

హోటల్ వైపు నుంచి లెక్క ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు వాళ్లెందుకు నసుగుతారో తెలుస్తుంది.

ఊరికే ఉదాహరణకి 200 గదుల హోటల్ అనుకోండి. ఏసీ పాడై, నీళ్లు కారి, 4 గదులు మూసి ఉన్నాయి. మిగిలినవి 196. పాత లెక్కలు చూసి గురువారం నాడు చివరి నిమిషం క్యాన్సిళ్లు, నో షోలు (బుక్ చేసి రానివాళ్లు), ఒకరోజు ముందే వెళ్లిపోయేవాళ్లు అన్నీ కలిపి 8 గదులు ఖాళీ అవుతాయని అంచనా వేశారు. అందుకని 204 దాకా అమ్ముతారు. 204 బుకింగ్‌లు అయ్యాక సిస్టమ్ మూతపడుతుంది. మీరు ఫోన్ చేసేసరికి హోటల్ ఇప్పటికే ఉన్నదానికంటే 8 ఎక్కువ అమ్మి కూర్చుంది. మీది 205వది. కాన్ఫరెన్స్ రోజుల్లో నో షోలు తక్కువ, అందరూ దిగుతారు. 8కి బదులు 5 మాత్రమే ఖాళీ అయితే నలుగురిని వేరే హోటల్‌కి పంపాలి. మా భాషలో "వాక్ చేయడం" అంటారు.

ఎవరిని పంపుతారు? ఒక్క రాత్రికి వచ్చినవాళ్లు, బయటి బుకింగ్ సైట్‌లో బుక్ చేసుకున్నవాళ్లు, స్టేటస్ లేనివాళ్లు, ఆలస్యంగా దిగినవాళ్లు. పై స్టేటస్ వాళ్లని పంపడం ఆఖరి మాట. అంటే మీ గ్యారంటీకి మూల్యం కట్టేది సాధారణంగా ఇంకెవరో అనామకుడు. బాగోదు గానీ జరిగేది ఇదే.

దీన్నుంచి మీకు పనికొచ్చేది ఒకటుంది. "సోల్డ్ అవుట్" అన్నది ఆ క్షణానికి మాట. కాన్ఫరెన్స్ వాళ్ల గ్రూప్ బ్లాక్‌కి (వాళ్ల కోసం పక్కన పెట్టిన గదులకి) ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. అది దాటాక అమ్ముడుపోని గదులు మళ్లీ బయటికి వస్తాయి. ఇంకోటి, మామూలు బుకింగ్‌లకి ఉచిత క్యాన్సిలేషన్ గడువు తరచూ 24, 48 లేదా 72 గంటల ముందు. ఆ గడువు ముగిసే ముందు పూట జనం ఎక్స్‌ట్రా బుకింగ్‌లు వదిలేస్తారు. అప్పుడు యాప్‌లో గది కనిపిస్తే మెంబర్ రేటుకే దొరుకుతుంది, గ్యారంటీ రేటు కట్టనక్కర్లేదు. కాబట్టి గ్యారంటీ కింద క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగ్ దొరికితే పట్టుకోండి, ఆపైన రోజుకి రెండుసార్లు యాప్ చూస్తూ ఉండండి.

మరో చిన్న పరీక్ష: గురువారం ఒక్క రాత్రి వెతకండి, తర్వాత బుధ, గురు, శుక్ర మూడు రాత్రులు కలిపి వెతకండి. మూడు రాత్రులకి గది చూపిస్తే హోటల్ నిండలేదు, కనీసం మూడు రాత్రులుండాలని రూల్ పెట్టి ఉండొచ్చు. అప్పుడు ఏజెంట్‌తో "గది ఉంది, మినిమమ్ స్టే అడ్డొస్తోంది, దాన్ని తీయించండి" అని అడగొచ్చు. ఓవర్‌బుక్ చేయమనడం కంటే ఇది చాలా తేలిక.

మూడో_అంతస్తు

మూడు రాత్రుల పరీక్ష చేసి చూశాను, వస్తోంది! బుధవారం నుంచి వెతికితే రెండు రకాల గదులు చూపిస్తోంది. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. పాయింట్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. "బ్లాక్‌అవుట్ డేట్స్ (పాయింట్లు వాడనివ్వని తేదీలు) లేవు" అని కూడా రాస్తారు కదా, మరి పాయింట్లతో ఒక్క గదీ రాదేం?

పాయింట్ల_పద్దు

ఈ రెండూ వేరు వేరు హామీలు, కలపకండి. 48 గంటల గ్యారంటీ డబ్బు కట్టే బుకింగ్‌కి. పాయింట్లతో అవార్డ్ నైట్‌కి అది మామూలుగా వర్తించదు, ఏజెంట్‌తో వాదించి లాభం లేదు.

"బ్లాక్‌అవుట్ డేట్స్ లేవు" అన్న మాటకి అర్థం: స్టాండర్డ్ రూమ్ అమ్మకానికి ఉంటే పాయింట్లకీ ఇవ్వాలి. కిటుకంతా ఆ "స్టాండర్డ్" అన్న పదంలో ఉంది. ఏది స్టాండర్డో తేల్చేది హోటలే. ఒకే సైజు గదులకి "హై ఫ్లోర్", "సిటీ వ్యూ", "డీలక్స్" అని పేర్లు పెట్టి, మొత్తం హోటల్లో పదిహేను గదుల్ని మాత్రమే స్టాండర్డ్ అనొచ్చు. ఆ పదిహేనూ పోతే పాయింట్లకి గది లేదు, డబ్బుకి మాత్రం వంద ఉంటాయి. మారియట్ నిబంధనల్లోనైతే అవార్డ్‌కి ఇచ్చే స్టాండర్డ్ గదుల సంఖ్యని హోటల్ పరిమితం చేయొచ్చని నేరుగానే ఉంది. పైగా ఫిక్స్‌డ్ అవార్డ్ చార్ట్ (ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లో ముందే చెప్పే పట్టిక) హిల్టన్‌లో 2017లో, మారియట్‌లో 2022లో పోయింది. డిమాండ్ ఉన్న రోజున గది దొరికినా పాయింట్లు ఆకాశంలో ఉంటాయి.

హోటల్‌కి ఇందులో ఏం లాభం అంటారా? అవార్డ్ నైట్‌కి ప్రోగ్రామ్ హోటల్‌కి డబ్బు కడుతుంది. హోటల్ ఖాళీగా ఉన్న రోజు తక్కువ కడుతుంది, దాదాపు నిండిన రోజు మామూలు సగటు రేటుకి దగ్గరగా కడుతుంది. మధ్యస్థంగా నిండేలా ఉన్న రోజే హోటల్‌కి చేదు: గదిని డబ్బుకి అమ్ముకునే ఆశ ఉంది, అవార్డ్‌కి వచ్చేదేమో కొంచెమే. దాచేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

పట్టుకోవడం ఎలాగంటే: అదే తేదీకి డబ్బు రేట్లు తెరిచి అన్నిటికంటే చవకైన గది పేరు చూడండి. హోటల్ వెబ్‌పేజీలో బేస్ రూమ్‌గా చెప్పేది అదే అయ్యుండి, పాయింట్లకి మాత్రం రాకపోతే స్క్రీన్‌షాట్ తీయండి, రెండింట్లోనూ తేదీ కనపడేలా. దాంతో ప్రోగ్రామ్‌కి రాస్తే హోటల్ చేత తెరిపించిన సందర్భాలు ఉన్నాయి. ఆ చవక గది పేరు వేరే ఏదైనా అయితే మీ కేసు బలహీనం, టైమ్ వేస్ట్ చేసుకోకండి.

నిబంధనల_నాని

@మూడో_అంతస్తు రేపు మినిమమ్ స్టే తీయకపోతే ఇంకో దారి ఉంది, కానీ జాగ్రత్త. బుధవారం నుంచి మూడు రాత్రులు బుక్ చేసి, తర్వాత తేదీ మార్చుకుందాం అనుకుంటారు కొందరు. మారిస్తే కొత్త తేదీలకి మళ్లీ అవైలబిలిటీ చూస్తుంది, మార్పు పడదు. బుధవారం రాకుండా గురువారం వస్తే నో షో కింద మొత్తం బుకింగే ఎగిరిపోవచ్చు. మూడు రాత్రుల డబ్బు కట్టడానికి సిద్ధమైతే హోటల్‌కి ముందే ఫోన్ చేసి, గురువారం దిగుతామని బుకింగ్‌లో రాయించుకోండి.

లాబీ_లెక్కలు

బుకింగ్ చేతికొచ్చాక కూడా పని అయిపోలేదు. పైన 205వ నంబర్ కథ చదివారు కదా. కార్డ్ చెల్లుబాటులో ఉందో చూసుకోండి. హోటల్ ముందు రోజు కార్డ్‌ని పరీక్షించినప్పుడు డిక్లైన్ అయితే క్యాన్సిల్ చేయడానికి సాకు దొరికినట్టే. సాయంత్రం ఆరు దాటి వచ్చేటట్టయితే మధ్యాహ్నమే ఫోన్ చేసి టైమ్ చెప్పండి, చెప్పిన సంగతి బుకింగ్‌లో నోట్ చేయమనండి. ఆన్‌లైన్ చెక్ ఇన్ ఉంటే చేసేయండి.

ఒకవేళ డెస్క్ దగ్గర "గది లేదు, పక్క హోటల్‌కి పంపిస్తాం" అన్నారనుకోండి, అక్కడి నుంచి కదలకముందే డ్యూటీ మేనేజర్‌ని పిలిపించండి. అదే స్థాయి హోటల్లో గది, దాని ఖర్చు వీళ్లది, వెళ్లడానికి వాహనం, రెండో రాత్రికి వెనక్కి రావాలా అక్కడే ఉండాలా, పాయింట్లూ నైట్ క్రెడిట్ (స్టేటస్ కోసం లెక్కేసే రాత్రులు) పడతాయా, అన్నీ కాగితం మీదో మెయిల్‌లోనో రాయించుకోండి. మారియట్‌లో దీనికి అల్టిమేట్ రిజర్వేషన్ గ్యారంటీ అని వేరే ఉంది. బ్రాండ్‌ని బట్టి, స్టేటస్‌ని బట్టి డబ్బు, పాయింట్లు ఇవ్వాలి, అడగనిదే వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మీ బుకింగ్‌ని సిస్టమ్‌లో "నో షో" అనో "గెస్ట్ క్యాన్సిల్ చేశారు" అనో మూసేయకుండా చూసుకోండి. అలా మూస్తే పరిహారం పోవడమే కాదు, ఒక రాత్రి ఛార్జ్ కూడా పడుతుంది.