ప్రాణభయం ఉన్న రచయితలకి, ఆర్టిస్టులకి వేరే దేశంలో ఆశ్రయం ఎలా దొరుకుతుంది?

కాగితంపడవ:
నాకు బాగా తెలిసిన ఒక కార్టూనిస్టుకి వాళ్ల దేశంలో బెదిరింపులు ఎక్కువయ్యాయి, కేసు కూడా పెట్టారు (ఏ దేశమో ఇక్కడ రాయను, అర్థం చేసుకోండి). ఇలాంటివాళ్లకి ఇల్లిచ్చి ఖర్చులు కూడా చూసుకునే నగరాలు ఉన్నాయని విన్నాను. నిజమేనా? ఎవరిని అడగాలి? భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లనిస్తారా?

నిద్రపట్టనివాడు:
నిజమేనండి. ఇలాంటి నగరాలన్నిటినీ కలిపే ఐకార్న్ (ICORN) అనే సంస్థ ఉంది, ఆఫీసు నార్వేలోని స్టవాంగర్‌లో. 80కి పైగా నగరాలు అందులో చేరాయి. పిలిచిన నగరమే మామూలుగా రెండేళ్లపాటు ఇల్లు, నెలనెలా ఖర్చులకి డబ్బు ఇస్తుంది, ప్రభుత్వ ఆఫీసుల్లో పనులకి, డాక్టరు దగ్గరికి సాయంగా ఒక మనిషిని కూడా పెడుతుంది. కుటుంబం కూడా వెళ్లొచ్చు, కాకపోతే అంతమందికి సరిపడా ఇల్లున్న నగరం దొరకాలి. దరఖాస్తు ఐకార్న్‌కే పెట్టాలి. అచ్చయిన బొమ్మలు, బెదిరింపుల స్క్రీన్‌షాట్లు, కేసు కాగితాలు సిద్ధంగా పెట్టుకోమనండి, చెప్పింది నిజమా కాదా అని పెన్ ఇంటర్నేషనల్ (రచయితల ప్రపంచ సంఘం) వాళ్లు ఆరా తీస్తారు. అందుకే చాలా టైం పడుతుంది, రేపే పారిపోవాల్సినవాళ్లకి ఇది పనికిరాదు. ఇంకోటి, ఆ స్క్రీన్‌షాట్లు అతని ఫోన్‌లో మాత్రమే ఉంచొద్దు, ఫోన్ లాక్కుంటే అన్నీ పోతాయి.

మూడోబెంచి:
వీసా సంగతి ఎవరూ చెప్పరేం? పిలిచేది నగరం, వీసా ఇవ్వాల్సింది ప్రభుత్వం. 2015లో బంగ్లాదేశ్ బ్లాగర్ అనంత బిజోయ్ దాస్‌ని స్వీడిష్ పెన్ (ఆ పెన్ సంఘానికే స్వీడన్ శాఖ) ఒక కార్యక్రమానికి రమ్మంటే, వెళ్లినవాడు తిరిగి రాడేమోనని స్వీడన్ వీసా ఇవ్వలేదు. ఆ మే నెలలోనే సిల్హెట్‌లో ఇంటికి దగ్గర్లో నరికి చంపారు. అది ఆశ్రయం కోసం పెట్టుకున్నది కాదు, చిన్న ప్రయాణమే, అయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ముందు పాస్‌పోర్టు గడువు చూసుకోమనండి. కేసులున్నవాళ్లకి రెన్యువల్ అంత తేలిక కాదు.

వానగొడుగు:
రెండేళ్లయ్యాక ఏంటన్నది మొదట్లోనే అడగాలి. చాలామంది వెనక్కి వెళ్లలేరు, అప్పుడు మళ్లీ అద్దె, మళ్లీ వీసా, మళ్లీ టెన్షన్. నా ఉద్దేశంలో డబ్బు కన్నా పని ముఖ్యం, అక్కడ ఏ పత్రికకి గీస్తాడో ఇప్పటినుంచే వెతకండి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఇలాగే రచయితలకి ఇల్లిచ్చే సిటీ ఆఫ్ అసైలమ్ అనే సంస్థ వాళ్లు 2004లో మొదట పిలిచింది చైనా కవి హువాంగ్ షియాంగ్‌ని. సొంత దేశంలో అచ్చుకి నోచుకోని కవితల్ని ఆయన తనకిచ్చిన ఇంటి బయటి గోడల మీద పెద్ద పెద్ద చైనా అక్షరాల్లో రాసేశాడు, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనపడేలా. ఇల్లిచ్చి వదిలేస్తే సరిపోదు అనేది అందుకే.

కాగితంపడవ:
థ్యాంక్సండి అందరికీ. పాస్‌పోర్టు సంగతి ఈ రాత్రే అడుగుతా. వాళ్లమ్మగారు కూడా వాళ్లతోనే ఉంటారు, ఆవిడని కూడా కుటుంబం కిందే లెక్కేస్తారా?

నిద్రపట్టనివాడు:
అది ఆ దేశం వీసా రూల్స్‌ని బట్టి ఉంటుంది. దరఖాస్తులో మాత్రం ఆవిడ పేరు మొదటే రాయమనండి.