చార్ల్‌స్టన్‌లో రెండు రోజులు: అమ్మానాన్నలతో వెళ్తే ఏవి చూడాలి?

ప్రశ్న — షార్లెట్ నివాసి

మేము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాము. కోనసీమ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను అక్టోబరులో ఒక శని, ఆదివారాలు సౌత్ కరోలినా తీరంలోని చార్ల్‌స్టన్‌కు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. కారులో సుమారు మూడున్నర గంటల ప్రయాణం కాబట్టి, ఒక రాత్రి అక్కడ ఉండి తిరిగి రావచ్చు. నాన్నగారు జీవితమంతా వరి పండించినవారు; పాత కోటలు, రంగుల ఇళ్లు చూపిస్తే మర్యాదకు తల ఊపుతారు గాని, అరగంట దాటితే నీడ వెతుక్కుంటారు. అమ్మ శాకాహారి, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేదు. సమ్టర్ కోట, రెయిన్‌బో రో అనే రంగుల ఇళ్ల వరుస, గుర్రపు బగ్గీ, తోటలు, బీచ్ అన్నీ ఈ వ్యవధిలో కుదరవని తెలుస్తూనే ఉంది. వీటిలో ఏవి వదులుకోవచ్చో వెళ్లి వచ్చినవారు చెప్పగలరా?

సమాధానం 1 — సౌత్ కరోలినాలోని కొలంబియా నుంచి

వరి రైతును తీసుకువెళ్తున్నారు కనుక ముందుగా వరి సంగతే చూపించండి. 1670లో ఇంగ్లీషువారు స్థాపించిన ఈ ఊరు తర్వాతి శతాబ్దంలో అంత సంపన్నం కావడానికి ప్రధాన కారణం వరి ఎగుమతి. అక్కడి సాగు పద్ధతి మీ నాన్నగారికి కొత్తగానూ ఉంటుంది, వెంటనే అర్థమూ అవుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నదిలోని మంచినీరు వెనక్కి నెట్టబడి మట్టం పెరుగుతుంది. ఆ సమయంలో గట్టులోని చెక్క తూము తలుపు ఎత్తి చేలకు నీరు పెట్టేవారు, ఆటు సమయంలో అదే తూము గుండా మురుగు తీసేవారు. చేను సముద్రానికి మరీ దగ్గరైతే ఉప్పునీరు ఎగదన్నుతుంది, మరీ దూరమైతే పోటు అందదు. ఆ మధ్య మేరను ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది. చిత్తడి అడవులను నరికి, మైళ్ల కొద్దీ గట్లు పోసి, నడుము లోతు బురదలో పని చేసినవారు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. వారిలో చాలామంది తమ ప్రాంతాల్లో తరతరాలుగా వరి పండించినవారే. బానిసత్వం పోయాక ఈ సాగు నిలదొక్కుకోలేదు. 1893, 1911 తుపానులు మిగిలిన గట్లను కూడా దెబ్బతీశాయి.

ఇది చూడటానికి ఆష్లీ నది ఒడ్డున ఉన్న మిడిల్టన్ ప్లేస్ తగిన చోటు. 1741లో మొదలైన తోటలు, నదికి దిగే గడ్డి మెట్లు, పాత వరి మిల్లు, నమూనాగా వేసిన వరి మడి అక్కడ ఉన్నాయి. అది నగరానికి వాయవ్యంగా ఉంది కనుక, మీరు షార్లెట్ నుంచి వచ్చే దారిలో ఊళ్లోకి వెళ్లకముందే శనివారం మధ్యాహ్నం చూసుకోవచ్చు. రెయిన్‌బో రోను కారులోంచి చూసినా చాలు. అవి 13 ఇళ్లు, అంతే.

సమాధానం 2 — చరిత్ర విద్యార్థి

పై సూచనలో సాగు పద్ధతి గురించి చెప్పినదంతా సరైనదే, కాని మిడిల్టన్ ప్లేస్ విషయంలో నాకు కొంత అభ్యంతరం ఉంది. అక్కడ బానిసల జీవితం గురించిన ప్రదర్శన ఉన్నప్పటికీ, తోట అందమే ముందుగా కంటికి కనబడుతుంది. సందర్శకుల్లో ఎక్కువమంది దానితోనే తృప్తిపడి వెళ్లిపోతారు. జేమ్స్ ఐలండ్‌లోని మెక్లియడ్ ప్లాంటేషన్‌లో ఓక్ చెట్ల బాట పక్కన బానిస కుటుంబాలు నివసించిన చిన్న చిన్న ఇళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి, మార్గదర్శకులు వారి కథకే ప్రాధాన్యం ఇస్తారు. అయితే అక్కడ పండింది పత్తి, వరి కాదు. అందువల్ల మీ నాన్నగారి కోసం మిడిల్టన్‌నే ఎంచుకుంటే, ఆదివారం తప్పకుండా ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చూడండి. 2023లో తెరిచిన ఈ మ్యూజియం ఒకప్పుడు బానిసలను ఓడల నుంచి దించిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే ఉంది. ఆ నేలను ఆక్రమించకుండా భవనాన్ని 18 స్తంభాల మీద ఎత్తి కట్టారు. కింద పలుచటి నీటి పొర అడుగున, ఓడలో పక్కపక్కనే పడుకోబెట్టిన మనుషుల ఆకృతులు పోటును అనుకరిస్తూ మునిగి తేలుతుంటాయి. వరి గురించి లోపల ప్రత్యేకంగా ఒక గది ఉంది. లిఫ్టు ఉంది కనుక మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

సమ్టర్ కోటకు పడవలు బయలుదేరే లిబర్టీ స్క్వేర్ కూడా దగ్గరే. 1861 ఏప్రిల్ 12న అమెరికా అంతర్యుద్ధం మొదలైన చోటు కనుక దాని ప్రాముఖ్యం కాదనలేనిది, కాని పడవ ప్రయాణంతో కలిపి రెండు గంటలకు పైగా పడుతుంది. మ్యూజియం, కోట రెండూ ఒకే పూటలో పెట్టుకుంటే పెద్దవారు అలసిపోతారు. నన్నడిగితే కోటను వదిలేస్తాను.

సమాధానం 3 — అట్లాంటా గృహిణి

భోజనం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను చెబుతున్నాను. అక్కడి వంటలో మన బెండకాయ, బొబ్బర్లు, అన్నం, ఆకుకూర అన్నీ ఉంటాయి, కాని పేరు చూసి మోసపోకూడదు. బొబ్బర్లు, అన్నం కలిపి వండే హాపిన్ జాన్‌లోను, ఎర్రగా కనిపించే రెడ్ రైస్‌లోను, ఆకుకూరలోను సాధారణంగా పంది మాంసం వేస్తారు. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్‌ను కూడా మాంసం రసంతో వండారేమో అడిగి తీసుకోండి. దారిలో అమ్మే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మాత్రం నిశ్చింతగా తినవచ్చు. మా అత్తగారికి ఆ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చినవి అవే. పెరుగన్నం డబ్బా ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. పాత ఊళ్లో కొన్ని వీధులు గుండ్రాళ్లు పరిచినవి, మోకాళ్ల నొప్పులున్నవారు అటు వెళ్లకపోవడమే మేలు. డాష్ అనే ఉచిత బస్సు ఊరి మధ్యలో తిరుగుతుంది.

షార్లెట్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. శనివారం మిడిల్టన్ ప్లేస్, ఆదివారం ఉదయం మ్యూజియం అని నిశ్చయించుకున్నాము. కోట, బగ్గీ, బీచ్ మానుకున్నాము. తూము గురించి చదివి వినిపించగానే నాన్నగారు, తలుపు ఏ చెక్కతో చేసేవారని అడిగారు. బస సిటీ మార్కెట్ దగ్గర తీసుకోవచ్చునా?

సమాధానం 4 — కొలంబియా నుంచి

తీసుకోవచ్చు, కాని గది ఖరారు చేసుకునే ముందు ఆ రెండు రోజుల పోటు సమయాలు చూసుకోండి. ఆ ప్రాంతం బాగా పల్లం. శరత్కాలంలో పెద్ద పోటు వచ్చినప్పుడు వాన లేకపోయినా మార్కెట్ వీధి పరిసరాల్లో నీరు నిలుస్తుంది, అప్పుడు కారు బయటికి తీయడం కష్టం. చెక్క సంగతి మిడిల్టన్‌లో మార్గదర్శకులను అడగమనండి. వరి తెలిసిన మనిషి అడిగితే వారు కూడా ఉత్సాహంగా చెబుతారు.