పోస్ట్‌గ్రెస్ 12 నుంచి 16కి: డెవలప్‌మెంట్ డేటాబేస్‌ని ముందుగా మార్చేయొచ్చా?

ప్రశ్న, తిరుపతి నుంచి:
చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి తోతాపురి కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. రైతు పేరు, ఊరు, కాటా చీటీ, పేమెంటు అన్నీ అందులోనే. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఇంకా పోస్ట్‌గ్రెస్ 12, అదీ ఉబుంటు 18.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద. 2024 నవంబర్‌తో 12కి సపోర్ట్ ఆగిపోయింది, సెక్యూరిటీ ఫిక్సులు కూడా రావు. జూన్‌లో కాయ దిగడం మొదలైతే సర్వర్ ముట్టుకోనివ్వరు, అందుకని ఇప్పుడే డెవలప్‌మెంట్ డేటాబేస్ (మేం కోడ్ రాసి పరీక్షించుకునేది) వరకు 16కి మార్చి, ఉబుంటు 22.04 ఉన్న కొత్త మెషిన్‌లో పెడదామని. 13, 14, 15 ఒక్కోటీ ఎక్కుతూ పోవాలా? డేటా 6 జీబీ లోపే.

జవాబు, చిత్తూరు నుంచి:
అక్కర్లేదు అన్నా, నేరుగా 16కి వెళ్లొచ్చు. 6 జీబీకి పీజీ అప్‌గ్రేడ్ (డేటా ఫైళ్లనే కొత్త వెర్షన్‌కి మార్చే టూల్) కూడా వద్దు, డంప్ తీసి (డేటా మొత్తం ఒక ఫైల్లోకి ఎక్కించి) కొత్తదాంట్లో రీస్టోర్ చేసేయండి. డంప్ మాత్రం 16తో వచ్చే పీజీ డంప్‌ఆల్ టూల్‌తోనే తీయండి, కొత్త మెషిన్ నుంచి పాతదానికి కనెక్ట్ అయి. రీస్టోర్ అవగానే అనలైజ్ (టేబుళ్ల గణాంకాలు సేకరించే కమాండ్) కొట్టండి, లేదంటే క్వెరీలు నత్తనడక నడుస్తాయి, అందరూ కొత్త వెర్షన్‌నే తిడతారు. పాతదాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచండి.

జవాబు, పుంగనూరు, ప్రస్తుతం బెంగళూరు:
డంపే కరెక్ట్. కారణం సైజు ఒక్కటే కాదు, ఉబుంటు కూడా మారుతోంది కదా, అసలు ప్రమాదం అక్కడుంది. పోస్ట్‌గ్రెస్ పేర్లని వరసలో పెట్టడానికి వాడే ఉబుంటు లైబ్రరీ జీలిబ్‌సీ, దాని 2.28లో అక్షరాల వరస పద్ధతి మారింది. 18.04లో ఉన్నది 2.27, 22.04లో ఉన్నది 2.28 తర్వాతిది. డేటా ఫైళ్లు కాపీ చేసి పీజీ అప్‌గ్రేడ్ నడిపితే పాత వరసలో కట్టిన ఇండెక్సులే (త్వరగా వెతకడానికి కట్టే సూచికలు) వస్తాయి, అప్పుడు పేరుతో వెతికితే టేబుల్‌లో ఉన్న రైతే కనపడకపోవచ్చు, యూనిక్ అన్న చోట డూప్లికేట్ కూడా ఎక్కిపోవచ్చు. డబ్బులతో ముడిపడిన డేటా, దయచేసి ఈ రిస్క్ తీసుకోకండి. డంప్‌లో అయితే ఇండెక్సులు కొత్తగా కడుతుంది.

ఇంకోటి, రీస్టోర్ తర్వాత యాప్ లాగిన్ అవ్వకపోతే కంగారు పడొద్దు. పాత పాస్‌వర్డులు ఎండీ5 అనే పాత పద్ధతిలో భద్రపరిచి ఉంటాయి, కొత్త ఇన్‌స్టాలేషన్ స్క్రామ్ అనే కొత్త పద్ధతి అడుగుతుంది. పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేస్తే చాలు, డ్రైవర్ (యాప్‌ని డేటాబేస్‌కి కలిపే భాగం) మరీ పాతది కాకుంటే.

జవాబు, తిరుపతి నుంచి:
ప్రొడక్షన్ (ఫ్యాక్టరీలో నిజంగా నడిచే డేటాబేస్) ఎప్పుడు మారుస్తారో అది ముందు తేల్చుకోండి సార్. డెవలప్‌మెంట్ 16లో, ప్రొడక్షన్ 12లో నెలల తరబడి ఉంటే ఎవరో ఒకరు మెర్జ్ కమాండ్ వాడేస్తారు. అది 15లో వచ్చింది, మీ దగ్గర బాగానే నడుస్తుంది, ఫ్యాక్టరీలో ఆగిపోతుంది. 15 నుంచి పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా చేరే చోటు) టేబుల్ క్రియేట్ చేసే హక్కు కూడా అందరికీ ఉండదు. రీస్టోర్ చేసినదాంట్లో పాత హక్కులే వస్తాయి, కొత్తగా సృష్టించే టెస్ట్ డేటాబేస్‌లకి మాత్రం యాప్ యూజర్‌నే ఓనర్‌గా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. డంప్ పద్ధతిలోనే వెళ్తాం. ప్రొడక్షన్ కూడా సీజన్‌కి ముందే మార్చేలా ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడతాను, వాళ్లు ఒప్పుకోకపోతే పక్కన 12 ఒకటి ఉంచి ప్రతి రిలీజ్‌నీ దాని మీద కూడా టెస్ట్ చేస్తాం.