అప్‌డేట్: డిక్కీ మూతపై బిగించిన యాంటెన్నా సమస్య తీరింది

కారు డిక్కీ మూత అంచున క్లాంపుతో బిగించిన యాంటెన్నాతో 145 మెగాహెర్ట్జ్ పరిసరాల్లోని హామ్ (అభిరుచి కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) సంభాషణలు విజయనగరం దాటి చీపురుపల్లి వైపు వెళ్లేసరికి వినబడడం లేదని, కారు స్టార్ట్ చేయగానే గరగర శబ్దం కూడా వస్తోందని లోగడ అడిగాను. సలహాలిచ్చిన వారికి కృతజ్ఞతలు.

ఎర్తింగు చూడమన్న సలహాయే ఫలించింది. ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో పరీక్షించగా, క్లాంపు స్క్రూలు రంగును దాటి ఇనుము వరకు దిగలేదని, పైగా బందుల దగ్గరున్న రంగు, గ్రీజు వల్ల మూతకూ బాడీకీ మధ్య విద్యుత్ సంబంధం సరిగా లేదని తేలింది. సుమారు 50 సెంటీమీటర్ల పావు తరంగ కడ్డీకి (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవుండే యాంటెన్నాకు) కింద ఉన్న కారు లోహమే రెండో సగంగా పనిచేస్తుంది కనుక, ఆ సంబంధం లేకపోతే కడ్డీ ఎంత మంచిదైనా ప్రయోజనం అంతంతమాత్రమే. స్క్రూలు దిగే చోట రంగు గీకించి, మూత నుంచి బాడీకి అల్లిన రాగి పట్టీ వేయించి, గీకిన చోట తుప్పు పట్టకుండా గ్రీజు పూయించాను. సముద్రపు గాలి తగిలే మన వైపు ఈ చివరి పని మానకూడదు. ఇప్పుడు చీపురుపల్లి దాటినా మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

గరగరకు కారణం వేరు: లైటర్ సాకెట్‌లోని చవక ఫోన్ చార్జర్. అది తీయగానే పోయింది. స్పార్క్ ప్లగ్గులకు, యాంటెన్నాను రేడియోకు కలిపే కేబుల్‌కు దీనితో సంబంధం లేదు. పాత ఆర్‌జీ-58 కేబులే వాడుతున్నాను. కారు కప్పు మధ్యన అయస్కాంతపు మౌంట్ ఇంకా మేలన్న మాట నిజమే గాని, మా షెడ్డు ఎత్తు దానికి చాలదు.